పొడి అక్క రాసిన ఆరు గంటలు

ముప్పై ఒక్క ఏళ్ళు రాళ్ళు నూరిన మనిషిని పొడి అక్క అనక ఇంకేమంటారు? ఖనిజాల ప్రయోగశాలలో ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. రిటైరైన రోజున పెద్ద ఆఫీసరు ఆమె రిజిస్టర్లన్నిటినీ బల్ల మీద వరసగా పేర్పించి, "వీటిలో ఒక్క తప్పు చూపించండి, రేపట్నుంచి నేను ఉద్యోగానికి రాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పొడి అక్క మాత్రం పదకొండో రిజిస్టరు వైపు చూపు పోకుండా గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది.

అది జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ రెండో అంతస్తులో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. అక్క భర్త పోయాడు. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. ముందుగదిలో చెల్లెలి కుట్టుమిషను, దాని చుట్టూ ఎవరెవరివో జాకెట్లు, లంగాలు. గదిలోకి వచ్చినవాళ్ళు ఏదో ఒక గుడ్డముక్క కాలికి తగిలించుకోకుండా బయటికి పోలేరు.

ఫోను మోగినప్పుడు చెల్లెలి నోట్లో గుండుసూదులున్నాయి. కళ్ళతోనే అక్కకు సైగ చేసింది.

"ఖనిజాల ప్రయోగశాలలో పనిచేసిన మేడమ్ గారేనా అండీ?" అంది అవతల ఓ అమ్మాయి గొంతు. తను దూరపు గ్రహాల మీది మబ్బుల గురించి పరిశోధన చేస్తున్నానని చెప్పింది. ఇరవయ్యారేళ్ళ కిందట ఒక లేత ఆకుపచ్చ రాయి మీద వేసిన కొలతల పట్టికను వాడుతున్నానంది. "ఆ రాయిని నూరింది మీరేనని రిజిస్టర్లో ఉందండీ. మిమ్మల్ని ఒక్కసారి కలవాలి. రేపు రావచ్చా?"

పొడి అక్క కూర్చోవడానికి కుర్చీ కోసం చూసింది. దాని మీద ఎవరిదో పెళ్ళి బట్టల మూట ఉంది.

"రామ్మా" అంది నిలబడే.

చెల్లెలు సూదులు తీసి డబ్బాలో వేసింది. "ఎవరే అక్కా?"

"ఎవరో మబ్బుల మీద చదువుకునే పిల్ల."

"మబ్బులతో నీకేం పని? నువ్వు ఉతికిన బట్టలు ఆరేసిన రోజున తప్ప ఏనాడైనా మబ్బు మొహం చూశావా?"

ఇంకో రోజైతే పొడి అక్క దీటుగా ఏదో అనేదే. ఇప్పుడు వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది.

ఆ ఆకుపచ్చ రాయి ఆమెకు బాగా గుర్తుంది. అంత గట్టి రాయి అంతకుముందు ఆమె చేతికి రాలేదు. పని పద్ధతి ఇదీ: రాయిని ముందు చిన్న పలుకులు చెయ్యాలి. తర్వాత గాజులా నున్నగా ఉండే రాతి కల్వంలో వేసి, చుక్కచుక్క స్పిరిటు పోస్తూ ఆరు గంటలు చేత్తో నూరాలి. ఆ పొడిని పొడవాటి గాజు గొట్టంలో స్పిరిటుతో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. బరకగా ఉన్నవి అడుక్కి దిగిపోతాయి. పైన పాలలా తేలి ఉన్నదే అసలు సరుకు. దాన్ని ఆరబెట్టి, ఉప్పులాంటి ఇంకో తెల్ల పొడిలో కలిపి, మరలో నొక్కి బిళ్ళ చేస్తే, ఆ బిళ్ళలోంచి వేడి కాంతిని పంపి ఏ రంగును ఎంత మింగుతుందో యంత్రం గీస్తుంది.

ఆ రోజు తొమ్మిదింటికి నూరడం మొదలుపెట్టింది. పదకొండింటికి ఆఫీసుకు ఫోనొచ్చింది. చెల్లెలి కడుపులో అపెండిక్సు పగిలిందట, ఆసుపత్రిలో చేర్చారట, సంతకం పెట్టడానికి సొంతమనిషి కావాలట. యంత్రం వాళ్ళకు దొరికింది మర్నాటి ఉదయం ఒక్క పూటే. అది దాటితే మళ్ళీ మూడు నెలల తర్వాతే. అప్పటి శాస్త్రవేత్త ఊళ్ళో లేడు. పొడి అక్క కల్వంలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తి ఆరబెట్టింది, గొట్టంలో తేర్చనే లేదు. బిళ్ళ చేసి డబ్బాలో పెట్టి, రిజిస్టరు తెరిచి ఎప్పటిలాగే రాసింది: నూరిన సమయం ఆరు గంటలు, తేర్చిన సమయం ఒక రాత్రి. చెయ్యి అలవాటు కొద్దీ రాసిందని తర్వాత తనకు తాను చెప్పుకునేది. కాదు. చెయ్యి రాస్తుంటే కళ్ళు చూస్తూనే ఉన్నాయి.

చెల్లెలు బతికింది. పదమూడు రోజుల తర్వాత పొడి అక్క పనికి వెళ్ళేసరికి కొలతలు అయిపోయాయి, కాగితాలు అచ్చుకు వెళ్ళిపోయాయి. చెబుదామనుకుంది. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు ఇరవయ్యారేళ్ళుగా వాయిదా పడుతూనే ఉంది.

*

మబ్బుల అమ్మాయి సరిగ్గా పదింటికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భుజాన బరువైన సంచీ, కాళ్ళకు ఎక్కడెక్కడో తిరిగిన చెప్పులు. గడప దాటగానే కాలికి చుట్టుకున్న లేసు ముక్కను తీసి, మడతపెట్టి మరీ చెల్లెలికి ఇచ్చింది. చెల్లెలికి ఆ పిల్ల అక్కడికక్కడే నచ్చేసింది.

"కూర్చోమ్మా. ఆ మూట కింద పడేయ్, పర్లేదు. ఇంతకీ నువ్వు చూసే మబ్బులు ఎక్కడుంటాయి?"

"చాలా దూరమండీ. నక్షత్రం కావాలని బయల్దేరి, బరువు చాలక మధ్యలో ఆగిపోయిన గోళాలు కొన్నుంటాయి. గ్రహం కంటే పెద్దవి, నక్షత్రం కంటే చిన్నవి."

"అంటే డాక్టరు చదవబోయి కాంపౌండరైన మా మేనమామ లాంటివన్నమాట."

అమ్మాయి ఫక్కున నవ్వింది. "అచ్చం అలాంటివేనండీ! వాటి మీద విపరీతమైన వేడి. అక్కడ మబ్బులంటే నీటి చుక్కలు కావు, రాతి పొడి. రాయి ఆవిరై, పైకి పోయి, చల్లారి సన్న రేణువులవుతుంది. ఆ రేణువులు ఏ ఎత్తులో ఎంత సైజులో ఉన్నాయో లెక్కగట్టడమే నా పని."

పొడి అక్క అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడే ఉంది. రాతి పొడి అనే మాట వినగానే తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకొచ్చింది. "బరకవి కిందికి దిగిపోవూ?"

"దిగుతాయండీ. కానీ కిందినుంచి గాలి ఎగదోస్తూ ఉంటుంది."

"అయితే గొట్టాన్ని ఎవరో కుదుపుతున్నట్టే. మెత్తనివి పైన ఉంటాయి, కొంచెం బరువైనవి మధ్యలో ఊగులాడుతుంటాయి, లావువి కిందే."

మబ్బుల అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "ఇదే ముక్క మా వాళ్ళకు చెప్పడానికి నాకు ఇరవై పేజీలు పట్టిందమ్మా!"

అండీ పోయి అమ్మా వచ్చింది. పొడి అక్కకు అది సంతోషంగానూ ఉంది, ముల్లు గుచ్చినట్టుగానూ ఉంది.

అమ్మాయి లాప్‌టాప్ తెరిచి, జాకెట్ల కుప్ప మీద పెట్టి రెండు గీతలు చూపించింది. రాతి పొడి కాంతిని మింగే చోట గీత గొయ్యిలా దిగుతుంది. రేణువు సన్నదైతే గొయ్యి ఇరుకు, లావైతే గొయ్యి వెడల్పు. దూరదర్శిని పంపిన గీతలో గొయ్యి ఇరుగ్గా, నిటారుగా ఉంది. పట్టికలోని అంకెలతో అమ్మాయి లెక్క వేసిన గీతలో గొయ్యి చాటలా వెడల్పుగా ఉంది.

"రేణువుల సైజు తగ్గించుకుంటూ పోయాను. సగం, పదో వంతు, నూరో వంతు. ఇంక తగ్గిస్తే రేణువే మిగలదు. అయినా గొయ్యి ఇరుకవదు. మా బృందం పెద్దాయన ఏమంటారంటే, అది మనం అనుకున్న రాయే కాదు, ఇంతవరకూ ఏ మబ్బులోనూ ఎవరూ చూడని కొత్త ఖనిజం అని. పన్నెండు రోజుల్లో పెద్ద సభ ఉంది. అందులో ఆ మాట ప్రకటిస్తారు. నేనొక్కదాన్నే, కాదండీ, పట్టికలోనే ఏదో తేడా ఉంది, కొలిచిన పొడే బరకగా ఉండుంటుంది అన్నాను. అందరూ నవ్వారు. ప్రపంచమంతా వాడే పట్టిక అమ్మాయ్, నీ లెక్క కుదరకపోతే పట్టికను తిడతావా అన్నారు."

"మరి ఇక్కడికెందుకొచ్చావమ్మా?" అంది చెల్లెలు, మిషను తొక్కుతూనే.

"క్షమించమని అడగడానికి."

సంచీలోంచి ఒక కాగితం తీసింది. పదకొండో రిజిస్టరులోని పేజీకి నకలు. తన గుండ్రని అక్షరాలను పొడి అక్క దూరం నుంచే గుర్తుపట్టింది.

"నిన్న ప్రయోగశాలకు వెళ్ళి ఇది చూశాను. గంటలు, చుక్కలు, తూకం, ఆ రోజు గాలిలో తేమతో సహా రాశారు. ఆరు గంటలు నూరారు, రాత్రంతా తేర్చారు. ఇంత నిష్ఠగా చేసిన మనిషి పనిని అనుమానించానా అని సిగ్గేసింది. ఈ సాయంత్రం మా పెద్దాయనతో చెప్పేస్తాను, నాదే పొరపాటని. అంతకంటే ముందు మీకు ఒక్క మాట చెప్పి వెళదామని వచ్చాను."

కాగితం ఆమె చేతిలో పెట్టింది.

చూస్తే అంతా సవ్యంగానే ముగిసిపోయేలా ఉంది. పొడి అక్క, పర్లేదులేమ్మా, అంటే చాలు. పిల్ల మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతుంది. పదకొండో రిజిస్టరు మళ్ళీ బీరువాలోకి పోతుంది. చెల్లెలికి కూడా ఎప్పటికీ తెలియదు. పొడి అక్క పెదవులు ఆ మాట కోసం విడివడ్డాయి కూడా. కానీ ఎదురుగా గీత కనిపిస్తోంది. వెడల్పాటి ఆ గొయ్యి తన చేతిదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇరవయ్యారేళ్ళ కిందటి బరక అంతా అందులో పలుకుపలుకుగా కనిపిస్తోంది.

"ఆరు కాదమ్మా" అంది. "రెండే."

"ఏంటమ్మా?"

"రెండు గంటలే నూరాను. తేర్చలేదు. అలవాటుగా రాసేది రాసేశాను. తప్పని తెలిసే రాశాను. నువ్వు అన్నదే నిజం. అది బరక పొడి."

కుట్టుమిషను ఆగిపోయింది.

"ఏ రోజది?" అంది చెల్లెలు.

చెల్లెలు లేచి వచ్చి కాగితం లాక్కుంది. తేదీ చూసింది. చాలాసేపు చూసింది.

"నాకు ఆపరేషనైన రోజు."

"ఆ."

"కళ్ళు తెరిచేసరికి నా పక్కన కూర్చుని ఉన్నావు. చేతులు, ముంగురులు తెల్లగా పొడి. ఇది చచ్చిపోయి దెయ్యమై వచ్చిందేమో, నేను కూడా చచ్చానేమో అనుకున్నా. చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చావన్నమాట. ఇరవయ్యారేళ్ళు నాకో మాట చెప్పలేదేమే? నా చీర చిరిగితే చెబుతావు, నా కూరలో ఉప్పెక్కువైతే ఊరంతా చెబుతావు!"

"చెబితే నీ వల్లే అనుకుంటావని."

"అనుకోనా మరి! నా వల్లే!" అని చెల్లెలు కూర్చుని, చేతికందిన గుడ్డతో మొహం తుడుచుకుంది. అది ఎవరిదో పట్టు జాకెట్టు. "అయ్యో, మరక" అంటూ ఏడుస్తూనే దాన్ని దులిపింది.

పొడి అక్క అమ్మాయి వైపు తిరిగింది. ఏ మాటకైనా సిద్ధపడింది. ఎన్నేళ్ళ పని పాడైందో, ఎంతమంది తన అంకెలను నమ్మి లెక్కలు కట్టారో అనుకుంటూ నిలబడింది.

మబ్బుల అమ్మాయి కుర్చీలోంచి లేచి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఏడాదిన్నరమ్మా" అంది. "ఏడాదిన్నర నుంచి నాకు లెక్కలు రావేమో అనుకుంటూ నిద్ర లేస్తున్నాను. మీరు ఊరుకుని ఉంటే ఈ సాయంత్రం వెళ్ళి ఆ మాటే ఒప్పేసుకునేదాన్ని. మీకెలా చెప్పాలో తెలియడం లేదు."

ఇంత తప్పు చేసినదాన్ని పట్టుకుని ఈ పిల్ల థాంక్స్ చెబుతోందేమిటా అనుకుంది పొడి అక్క.

"ఆ రాయి ఇంకా ఉందా?" అని అడిగింది.

"సొరుగులో ఉందమ్మా, పిడికెడంత. కానీ ఇప్పుడు అక్కడ అన్నీ మర మీదే ఆడిస్తారు. ఈ రాయిని మరలో వేస్తే లోపలి అమరికే చెదిరిపోతుందిట. చేత్తో నూరేవాళ్ళు ఎవరూ లేరన్నారు."

"లేకేం" అంది పొడి అక్క. "ఎల్లుండి తొమ్మిదింటికి వస్తానని చెప్పు."

*

ప్రయోగశాలలో గోడల రంగు మారింది, బల్లలు మారాయి. కల్వం మాత్రం పాత బీరువాలో వెనక్కి తోసేసి ఉంది. పొడి అక్క దాన్ని మూడుసార్లు కడిగి, స్పిరిటుతో తుడిచి, వెలుతురుకు ఎత్తి లోపల గీతలేమైనా ఉన్నాయేమో చూసుకుంది. తెల్ల కోటు కొత్తది ఇచ్చారు, చేతులు పొడుగయ్యాయి. చెల్లెలు రెండు నిమిషాల్లో మడిచి టాకాలు వేసింది. ఎవరూ పిలవకుండానే వచ్చింది. లోపలికి రానివ్వనంటే, "ఆమె సొంతమనిషిని, సంతకం పెట్టమన్నా పెడతాను" అని కాపలా మనిషితో వాదించి మరీ వచ్చి కిటికీ దగ్గర చోటు సంపాదించింది.

మొదటి గంట తేలిగ్గానే గడిచింది. రెండో గంట దాటేసరికి మణికట్టు పట్టేసింది. కల్వంలోని పొడి మెత్తగానే కనిపిస్తోంది. వేలి గోటి మీద కొంచెం రాసి చూసింది. సన్నటి గీత పడింది. ఆ రోజు సరిగ్గా ఇక్కడే ఆపింది.

"ఆపి కాసేపు కూర్చోవే" అంది చెల్లెలు. "చెయ్యి మార్చు. లేదా నాకివ్వు. జీవితాంతం చక్రం తిప్పినదాన్ని."

"నువ్వు తిప్పేది ఒకే వైపు. దీన్ని ఎనిమిదంకెలా తిప్పాలి. నీ చెయ్యి పడితే ఆ మబ్బులకు కూడా కుట్లు పడతాయి."

"అబ్బో, నూరడంలో కూడా ఇంత గొప్పా!"

"గొప్పేనే మరి."

నాలుగో గంటలో మబ్బుల అమ్మాయి అన్నం డబ్బా తెచ్చి, పొడి అక్క చేతులు ఖాళీ లేక తినలేదని చూసి, ఒక ముద్ద నోటికి అందించింది. చెల్లెలు చూసి, "నేనింకే ఆపరేషన్ చేయించుకుంటే ఇలా ముద్ద పెడతావమ్మా?" అంది. ముగ్గురూ నవ్వారు. నవ్వుతున్నా పొడి అక్క చెయ్యి ఆగలేదు.

ఆరో గంట చివర గోటి మీద రాస్తే ఏ గీతా పడలేదు. పొడి పాలమీది తరకలా వేలికి అంటుకుపోయింది. గొట్టంలో పోసి, స్పిరిటు కలిపి, మూత పెట్టి, బల్ల అంచుకు దూరంగా జరిపింది. ముందు అంతా తెల్లగా కలగలిసి ఉంది. చూస్తుండగానే అడుగున సన్నని పొర కట్టడం మొదలైంది. పైన పాలలాంటిది అలాగే నిలిచి ఉంది. మబ్బుల అమ్మాయి గడ్డం బల్లకు ఆనించి, కన్ను గొట్టానికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ అంకెల్లోనే చూసిందట, కంటితో చూడటం ఇదే మొదలట.

మర్నాడు బిళ్ళ చేశారు. యంత్రం ముందు కుర్చీ ఖాళీగా ఉన్నా పొడి అక్క కూర్చోలేకపోయింది. తెర మీద గీత ఎడమ నుంచి నింపాదిగా వచ్చి, ఒక చోట నిటారుగా కిందికి దిగి, అంతే నిటారుగా పైకి లేచింది. ఇరుకైన గొయ్యి. పాత గీతను దాని మీద పెట్టి చూపించారు. రెండూ ఒకే రాయివంటే ఎవరూ నమ్మరు.

పొడి అక్క అంతటితో ఊరుకోలేదు. తన రిజిస్టర్లన్నీ తెప్పించుకుని మూడు మధ్యాహ్నాలు కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. ప్రతి రాయీ, ప్రతి రోజూ గుర్తు చేసుకుంది. ఆ ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మాట ఇప్పటి ఆఫీసరుకు చెప్పి, పాత అంకె మీద ఒక్క గీత కొట్టి పక్కన రెండు, తేర్చలేదు అని రాసి, తేదీ వేసి సంతకం చేసింది. ఆఫీసరు, "రిటైరైనవాళ్ళు ఇలా వచ్చి చెప్పడం నేనెక్కడా వినలేదు" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియక ఆమె తలూపి వచ్చేసింది.

సభకు రెండు రోజుల ముందు మబ్బుల అమ్మాయి ఫోన్ చేసింది. చెల్లెలు స్పీకరు నొక్కి మిషను మీద పెట్టింది.

"కుదిరిందమ్మా! కొత్త పట్టిక పెట్టగానే గీత మీద గీత కూర్చుంది. కొత్త ఖనిజం ఏమీ లేదు, మన ఆకుపచ్చ రాయే. పై పొరలో రేణువులు చాలా సన్నవి, కిందికి పోయేకొద్దీ లావు. మా పెద్దాయన మొదట అరగంట తన గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత వచ్చి, లోకం ముందు నా పరువు కాపాడిన ఆవిడ ఎవరో ఒకసారి కలవాలి అన్నారు."

"నేను కాపాడటమేంటమ్మా, నేను చేసిన తప్పే కదా."

"పాత పట్టిక వాడినవాళ్ళందరికీ సవరణ పంపుతున్నాం. నిన్న కొంతమందికి ముందుగా చెప్పాను. ఒక్కరూ కోప్పడలేదు. ఒకాయనైతే తొమ్మిదేళ్ళ కిందట కుదరక మూలన పడేసిన లెక్కను మళ్ళీ తీశారట. మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. మరి సవరణలో కారణం ఏమని రాయమంటారు? సాంకేతిక కారణాల వల్ల అని రాస్తే సరిపోతుంది. మీ మాట రానివ్వను."

"వద్దమ్మా. రెండు గంటలే నూరారు, తేర్చలేదు, నూరిన మనిషే వచ్చి చెప్పింది, అని ఉన్నదున్నట్టు రాయి. ఎందుకు నూరలేదో అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?" చెల్లెలు ఫోనులోకి వంగింది. "అమ్మాయ్, చెల్లెలి అపెండిక్సు పగిలిందని రాయి. ఇన్ని దేశాల వాళ్ళు ఇన్నేళ్ళు నా కడుపునొప్పి మొయ్యలేదూ? వాళ్ళందరికీ నేను కూడా థాంక్స్ చెప్పానని రాయి."

"నోర్మూసుకోవే, నవ్విపోతారు."

"నవ్వనీ."

అవతల అమ్మాయి నవ్వుతూనే రాసుకుంటానంది. తర్వాత సైజులన్నీ పొర పొరకూ చదవడం మొదలుపెట్టింది. పొడి అక్క కుర్చీ మీది గుడ్డలను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. "కాస్త నెమ్మదిగా చెప్పమ్మా" అంది. "పై నుంచి మొదలుపెట్టు."